నడిమింట్లో గుంత

హిందూపురం,
నవంబరు 16

చౌడీ,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను. ముందు నువ్వు తీరిగ్గా కూర్చో. నిన్న పెనుకొండలో ఒక ఇల్లు చూశాను.

మా మేనమామ మనుమరాలి నిశ్చితార్థానికి పోయాను. భోజనాలయ్యాక అందరూ కునికిపాట్లు పడుతుంటే చెప్పులేసుకుని మన వీధి ఎక్కాను. మీ ఇల్లున్న చోట ఇప్పుడు రోడ్డు పోతోంది. మా ఇల్లున్న చోట సెల్‌ఫోన్ల అంగడి. ఇంకా పైకి పోతే ఆటోలు ఆగిపోయే మలుపు వస్తుంది చూడు, ఆ మలుపుకు పైన కొండకు వీపు ఆనించుకుని ఉన్న పసుపు గోడల ఇల్లు. బడి ఎగ్గొట్టి దాని వెనక బండ మీద కూర్చుని రేగ్గాయలు తినేవాళ్ళం. పెద్దయ్యాక ఈ ఇంట్లో ఇద్దరమే ఉందామన్నావు. "నువ్వు వంట చెయ్యి" అని నన్ను అప్పుడే వంటింట్లోకి తోశావు. దాని వెంట ఇంకో ముక్క కూడా ఏదో అన్నావు, అది గుర్తు లేదు.

ఆ ఇల్లు అమ్ముతున్నారు. అరుగు మీద నారాయణప్ప అని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. "యాడి నుంచి వస్తాండావు తల్లీ?" అన్నాడు. మా నాయన పేరు చెప్పగానే "చింతపండు శెట్టి బిడ్డవా" అని లేచి నిలబడ్డాడు. ఆయన పుట్టపర్తిలో కూతురి దగ్గరికి పోతున్నాడట. "కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక అడిగేవాళ్ళు శానా మంది ఉండారు. నువ్వు కొంటానంటే ఉగాది దాకా ఎవురికీ మాటియ్యను" అన్నాడు.

చౌడీ, ఆ అరుగు మీద కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. మా ఆయన పోయాక మా మండీ మీద మేడలో ఉంటున్నాను. మురళీధర్, కోడలు పల్లవి బాగానే చూసుకుంటారు, వంక పెట్టడానికి లేదు. కానీ కడుపారా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆ అరుగు మీద తెలిసొచ్చింది. నాకు నువ్వు కావాలి. నువ్వు వస్తానంటే కొంటాను. రానంటే ఒక్కదాన్నే ఆ గోడలకేసి చూస్తూ కూర్చోలేను.

ఫోన్లో అడుగుదామంటే నీ చెవులు మొరాయించాయి. మీ చంద్రమోహన్ ఫోనుకు మెసేజ్ పెడితే ఇల్లంతా చదువుతారు. అందుకే పోస్టు డబ్బాను నమ్ముకున్నాను. వెంటనే రాయి.

ప్రేమలత

*

ధర్మవరం,
డిసెంబరు 2

ప్రేమకు,

ఉత్తరం అందింది. మా కోడలు వాణి విప్పకుండానే తెచ్చి చేతికిచ్చింది. మంచి పిల్ల.

దూరపు కొండలు నునుపు అని పెద్దోళ్ళు ఊరికే అనలేదు. మనం రేగ్గాయలు తిన్న కాళ్ళు వేరు, ఇప్పటి కాళ్ళు వేరు. నాకు మోకాళ్ళ నొప్పులు. ఆ ఎగువకు నీళ్ళు వస్తాయో రావో. కోతులు వంటింట్లోకి దూరతాయి. పాలు విరిగితే కిందికి దిగి తెచ్చేదెవరు? నువ్వు దిగవు, నాకు తెలుసు.

ఇక్కడ నాకేమీ తక్కువ లేదు. చంద్రమోహన్ మరమగ్గాలు పెట్టుకుని నాలుగు రాళ్ళు వెనకేసుకుంటున్నాడు. నన్ను కూర్చోబెట్టి అన్నం పెడుతున్నారు. పొద్దున్నుంచి మాపటి దాకా కూర్చునే ఉంటాను.

కాబట్టి కొనే మాట మానుకో. నీ కొడుకు దగ్గర హాయిగా ఉండు.

ఒక మాట అడిగితే నవ్వుతావు. ఆ ఇంటి నడిమింట్లో నేల ఎట్లుంది? మట్టి నేలా, కింద బండ తగులుతుందా? కొండ పక్క ఇండ్లకు చానా వాటికి కింద బండే ఉంటుంది. ఊరికే అడిగాను.

చౌడేశ్వరి

*

హిందూపురం,
జనవరి 22

ఏమే చౌడీ,

నువ్వు రానన్నావు. మంచిది. అయితే రాని మనిషికి నేలతో పనేంటి? నలభై ఏండ్లు మండీలో మెలిగినదాన్ని, నాకు తెలీదా? బేరం వద్దనుకున్నవాడు సరుకు చేత్తో ముట్టుకోడు. నువ్వు ముట్టుకున్నావు. అది చాలు నాకు.

అందుకే మురళిని వెంటబెట్టుకుని మళ్ళీ పోయాను. దారి పొడుగునా వాడు ఒకటే సణుగుడు. "అందురూ కొండ దిగొస్తాంటే నువ్వు ఎక్కుతానంటావేంటికమ్మా? దుడ్లు తీసుకపోయి బండల మీద పోస్తావా?" అన్నాడు. "దిగేవాళ్ళు ఒకప్పుడు ఎక్కినోళ్ళేలే, నడువు" అన్నాను. మలుపు దగ్గరికొచ్చేసరికి వానికే ఆయాసం వచ్చింది, నాకు రాలేదు. నేను మధ్యలో రెండు చోట్ల నిలబడి చీర సర్దుకున్నాననుకో.

నీళ్ళకు తొట్టి ఉంది. కోతులకు కిటికీలకు జాలీ వేయిస్తాను. పాలు తెచ్చే పిల్ల కింది నుంచి రోజూ వస్తుందట. గోడ పొడుగునా పట్టుకుని నడవడానికి ఇనుప కడ్డీ పెట్టిస్తాను. మోకాళ్ళ నొప్పులకు మాత్రం నువ్వే ఏదో ఒకటి చూసుకోవాలి. వంటింటి కిటికీలోంచి ఊరంతా కనపడుతుంది, రైలు పోతే అది కూడా కనపడుతుంది. ధర్మవరం నుంచి హిందూపురానికి పోయే రైలే అది, పెనుకొండ సరిగ్గా మనిద్దరి నడుమ ఊరు.

నేల మట్టిదే. బండ లేదు. ఎట్లా తెలిసిందంటావా? నడిమింట్లో కిటికీ పక్కన ఒక గుంత ఉంది. పైన పలకలు పరిచి చాప వేశారు. పలక తీయించి చూశాను. తొడలోతు ఉంది, అడుగున పాత గోతాలు, ఒక విరిగిన కుర్చీ. ధాన్యం పోసుకునే పాతర అయి ఉంటుంది. "ఎన్నాళ్ళదో ఏమో తల్లీ, మేము వచ్చేతలికే ఉండాది" అన్నాడు నారాయణప్ప. నాకు అదొక్కటే భయం పట్టుకుంది. పలక కిర్రుమన్నా నీకు వినపడదు కదా, కాలు జారిందంటే అంతే సంగతులు. అందుకని దాన్ని పూడ్పించి పైన గచ్చు చేయిస్తాను. ఆయన సరేనన్నాడు.

ఇంకో సంగతి. అడ్వాన్సు ఇచ్చేశాను. నువ్వు వస్తానని రాయకముందే ఇచ్చాను. తిట్టాలనుకుంటే తిట్టు, వచ్చి తిట్టు.

ప్రేమ

*

ధర్మవరం,
ఫిబ్రవరి 9

ప్రేమా,

ఆ గుంతను ముట్టుకోవద్దు. ఈ ఒక్క ముక్క చదివి, ముందు మేస్త్రీని ఆపి రా. తర్వాత మిగతాది చదువు.

పది రోజులు జ్వరంతో పడుకున్నాను, అందుకే జవాబు ఆలస్యమైంది. అది పాతర కాదు మే. పాతరకు మూతి ఇరుకు, కడుపు లావు. తొడలోతు గుంతలో ఎవరైనా ధాన్యం పోస్తారా? కిటికీ పక్కన ఉందన్నావు. వెలుతురు పడాలని అట్లా తవ్వుతారు. అది మగ్గం గుంత. నేసే మనిషి దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి, కింద కర్రలు తొక్కుతాడు. నువ్వు మా ఇంటికొస్తే కిటికీ అవతలే నిలబడేదానివి. పరిచిన పడుగు దారాలు తొక్కుతావని మా అమ్మ నిన్ను లోపలికి రానిచ్చేది కాదు. మా నాయనను నువ్వు నడుము పైకే చూసింటావు.

నేల ఎట్లుందని ఊరికే అడగలేదు. గుంత తవ్వడానికి వీలవుతుందా అని అడిగాను. తవ్వే పని లేకుండానే ఉందని నువ్వు రాస్తే, ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

నాకిప్పుడు మగ్గం లేదు ప్రేమా. మా ఆయన పోయాక నడుము నొప్పి, నడుము నొప్పి అని నేనే మూలిగేదాన్ని. దసరా అప్పుడు చంద్రమోహన్ "ఇంక చాల్లేమ్మా, ఎన్నాళ్ళని గుంతలో కూచుంటావు?" అని నాకు పలక మీద రాసి చూపించి, మగ్గం విప్పించి, గుంత పూడ్చి, నున్నగా గచ్చు చేయించి, దాని మీద సోఫా వేశాడు. వాడు చెడ్డవాడు కాదు. తల్లి సుఖపడాలని చేశాడు. ఆ రోజు ఇరుగుపొరుగును పిలిచి చూపించాడు కూడా. నేను ఆ సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటాను. బొమ్మలు కదులుతాయి, అంతే.

నొప్పి అన్నదాన్ని, నేత వద్దన్నానా? నొప్పి లేకుండా నేసేవాళ్ళు ధర్మవరంలో ఎవరున్నారు? ఆ మాట వానికి చెప్పలేకపోయాను. చెప్తే నొచ్చుకుంటాడు.

చెవులు పోయాక కూడా నా మగ్గం నాకు వినపడేది. కాళ్ళకు వినపడేది. కర్ర తొక్కితే అరికాలు గుండా పైకి వచ్చేది. ఇప్పుడు కాళ్ళకు కూడా ఏమీ వినపడదు. రోజంతా ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నీకెట్లా చెప్పేది.

నువ్వు సగం మాటే గుర్తు పెట్టుకున్నావు. "నువ్వు వంట చెయ్యి, నేను మగ్గం నేస్తా" అన్నాను ఆ బండ మీద. నా మగ్గం కర్రలు అటక మీద ఉన్నాయి. మోకాళ్ళు, కోతులు, పాలు, అన్నీ ఉత్త సాకులు. వస్తాను. గుంతను మాత్రం అట్లనే ఉండనీ.

చౌడేశ్వరి

*

పెనుకొండ,
ఫిబ్రవరి 9

చౌడీ,

నీ జవాబు కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి. ఊరికే కూర్చోలేక పని మొదలుపెట్టించాను. ఇప్పుడే అయిపోయింది. ఈ ఉత్తరం ఆ ఇంటి అరుగు మీద కూర్చునే రాస్తున్నాను.

కిటికీలకు జాలీ వేశారు. గోడకు కడ్డీ పెట్టారు. గుంతలో రాళ్ళూ కంకరా నింపి, దిమ్మిస కొట్టి, పైన ఎర్ర గచ్చు వేశారు. ముఖం చూసుకోవచ్చు, అంత నున్నగా వచ్చింది. మేస్త్రీ రంగయ్య "ఆడ గుంత ఉండెనని అంటే ఎవురూ నమ్మరు తల్లీ" అన్నాడు. ఇంక నువ్వు కళ్ళు మూసుకుని నడిచినా భయం లేదు. ఆ చోట నీకు మంచం వేస్తాను. కిటికీలోంచి గాలి బాగా వస్తుంది.

నువ్వు వస్తే చూసి సంతోషపడతావు. ఎంత సంతోషంగా ఉందో నాకు. త్వరగా రాయి.

ప్రేమ

*

ధర్మవరం,
ఫిబ్రవరి 17

ప్రేమలతకు,

నీ ఉత్తరం, నా ఉత్తరం ఒకే రోజు బయలుదేరాయి. దోవలో ఎక్కడో ఒకదాని పక్క నుంచి ఒకటి పోయి ఉంటాయి.

నీ మీద కోపం లేదు. నామీద ప్రేమ ఉన్నవాళ్ళే రెండు చోట్లా పూడ్చారు. ఎవరిని ఏమనేది?

నేను రాను. ఇక్కడి గచ్చు మీద కూర్చున్నట్టే అక్కడి గచ్చు మీద కూర్చోవడానికి అంత ఎగువ ఎక్కడమెందుకు? అడ్వాన్సు వెనక్కిస్తాడేమో అడుగు. పెద్దమనిషి మాదిరి ఉన్నాడు, కాదనడు.

జాలీలు, కడ్డీ పెట్టించావు. నాకోసం ఇంత చేసినవాళ్ళు లేరు. కొన్నాళ్ళు ఉత్తరాలు రాయొద్దు. వస్తే చదవాలనిపిస్తుంది, చదివితే ఆ ఇల్లు కళ్ళ ముందుకొస్తుంది.

చౌడేశ్వరి

*

పెనుకొండ,
మార్చి 24

చౌడీ,

రాయొద్దన్నావు. నెల దాటింది, రాయలేదు. ఇది ఒక్కటి చదువు.

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. గుంత కనపడితే నాకు సరుకు నింపే చోటే గుర్తొచ్చింది చూడు. మీ నాయన నేల మీద కూర్చుని నేస్తాడనే ఇన్నేండ్లూ అనుకున్నాను. కాళ్ళు యాడ పెట్టుకుంటాడో అడగలేదు. మీ నాయనను నడుము పైకే చూశానన్నావు. నిన్ను కూడా అంతేనే. చెవులు పోయాయని బాధపడ్డాను, మోకాళ్ళకు కడ్డీ పెట్టించాను. పొద్దంతా కూర్చునే ఉంటానని నువ్వు రాస్తే, హాయిగా ఉన్నావనుకున్నాను.

ఇల్లు కొనేశాను. పోయిన వారం రిజిస్ట్రేషన్ అయింది. నువ్వు రానంటే కొననని అన్నమాట నిజమే. కానీ ఆ గచ్చును అట్లా వదిలిపెట్టి హిందూపురం పోవడానికి మనసొప్పలేదు. వేరేవాళ్ళ ఇంట్లో గుంత తవ్వలేం కదా, అందుకే కొన్నాను.

రంగయ్యను పిలిచి పగలగొట్టమన్నాను. "మొన్న నింపమంటివి, నేడు తవ్వమంటాండావు, ఏమన్నా సోకిందా తల్లీ?" అని నా మొహంలోకి చూశాడు. గచ్చు బాగా గట్టిగా వేసింటాడు పాపం, తొందరగా పగల్లేదు. మురళి నన్ను తీసుకుపోదామని వచ్చాడు. అరుగు మీద కూర్చుని సంగతంతా విన్నాడు. తర్వాత చొక్కా విప్పి తానే గడ్డపార పట్టుకున్నాడు. "చౌడత్త మనింటికొస్తే నాకు జేబు నిండా మరమరాలు పోసేది" అన్నాడు. నాకు ఆ సంగతే తెలియదు.

రాళ్ళన్నీ తీశాక పాత అంచు బయటపడింది. ఒకచోట బాగా అరిగి ఉంది. ఎవరో ఏండ్ల తరబడి కూర్చున్న చోటు. పేరు తెలీదు, ఊరు తెలీదు. నేనూ అక్కడే కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాళ్ళు ఊరికే గాల్లో ఊగుతున్నాయి. తొక్కడానికి ఏమీ లేదు. కర్రలు నీ అటక మీద ఉన్నాయి.

వచ్చే వారం ఉగాది. రమ్మని బతిమాలను. నువ్వు వచ్చినా రాకపోయినా ఈ గుంతను మాత్రం ఇంక పూడ్చను. ఇంటికొచ్చినోళ్ళు పక్కగా తిరిగి పోతారులే.

ప్రేమ

*

ధర్మవరం,
ఏప్రిల్ 3

ప్రేమా,

అటక మీది కర్రలు దింపించాను. చెద పట్టలేదు.

చంద్రమోహన్ వచ్చి ఆ కర్రలు చూశాడు. తర్వాత పలక తీసుకుని "సోఫా బాగలేదామ్మా?" అని రాసి చూపించాడు. "బాగుండాది నాయనా. నాకు కాళ్ళు కిందికి పెట్టుకునే చోటు కావాల" అన్నాను. వాడు తలవంచుకుని కర్రలు తుడవడం మొదలుపెట్టాడు. ఆదివారం టెంపో మాట్లాడినాడు. మలుపు దాకా వస్తుంది కదా, ఆడి నుంచి మోసుకొస్తామని రాశాడు.

నువ్వు ఆ అంచు మీద ఎక్కువగా కూర్చోవద్దు. నీకు అలవాటు లేదు, తిమ్మిరెక్కుతుంది.

చౌడి

*

పెనుకొండ, నడిమిల్లు,
పొద్దున

వంటింట్లో ఉన్న ప్రేమకు,

వంటింటి వాకిట్లోంచి కాఫీకి రమ్మని నువ్వు చెయ్యి ఊపుతుంటే చూశాను. కాఫీ ఇప్పుడొద్దు. ఒకటి అడగాలి. నోటితో అడిగితే నువ్వు చెప్పే జవాబు నాకు వినపడదు, అందుకని ఈ చీటీ పాలు తెచ్చే పిల్ల చేతికిస్తున్నాను.

నిన్నటి నుంచి మగ్గం సరిగ్గా ఆడుతోంది. అరికాళ్ళకు బాగా తెలుస్తోంది. చెవులకు మాత్రం ఏమీ లేదు. మా నాయన మగ్గం చప్పుడు వీధి మొదటి దాకా వచ్చేది, బడి నుంచి వస్తూ వినేవాళ్ళం, గుర్తుందా? అది మళ్ళీ ఒక్కసారి వినాలని ఉంది. ఇంక వినలేనని తెలుసు. నువ్వైనా విని చెప్పు. నాది ఎట్లుంది? వంటింటి దాకా వస్తోందా? ఉన్నదున్నట్టు రాయి.

చౌడి

*

పెనుకొండ, వంటిల్లు,
ఇప్పుడే

చౌడీ,

వస్తోంది. పోపు చిటపటల్లో కూడా వినపడుతోంది. అరుగు మీదికి పోయి విన్నాను, మలుపు దాకా పోయి విన్నాను, ఆడికీ వస్తోంది. ఆటోవాడు ఒకడు ఇంజను ఆపి "ఏందమ్మా ఆ సద్దు?" అని అడిగాడు.

మీ నాయనది గట్టిగా, గబగబా ఉండేది. నీది నిదానం. రెండు దెబ్బలు పడతాయి, కొంచెం ఎడం, మళ్ళీ రెండు. మధ్యలో ఒక్కోసారి నిలిచిపోతుంది. నిలిచినప్పుడల్లా నేను గంటె పక్కన పెట్టి, మళ్ళీ మొదలయ్యేదాకా అట్లనే నిలబడతాను.

ఇప్పుడు నిలిచిపోయింది. ఈ చీటీ చదువుతుంటావు. చదివింది చాలు, తొక్కు.

ప్రేమ